వన్స్‌మోర్ తెలియని వరద

రామబ్రహ్మంగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి ముఖం ఒకసారి చూసి, హార్మోనియం ముందుకు లాక్కుని, తిత్తి తెరిచి ఏదో వాయించుకుంటూ కూర్చుంటారు. అదే జవాబేమోనని కొత్త శిష్యులు చెవులు రిక్కించి వింటారు. పాతవాళ్ళు మాత్రం గురువుగారు ఇంకా ఆలోచిస్తున్నారని గ్రహించి, ఈలోగా కాఫీకి వెళ్ళొస్తారు. రామచంద్రపురం నాటక సమాజంలో రాజులు మారారు, రాణులు మారారు, హార్మోనియం దగ్గర మనిషి మాత్రం మారలేదు.

ఈసారి అడిగినవాడు కిశోర్. చిన్నప్పుడు ఆయన దగ్గరే హార్మోనియం నేర్చుకుని, తర్వాత హైదరాబాదులో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే పని పట్టుకుని, అక్కడ మనసు నిలవక, ఒక ప్రొజెక్టరూ ఒక ల్యాప్‌టాపూ వెంటబెట్టుకుని సమాజానికి తిరిగొచ్చినవాడు. గోదావరి వరద మీద సమాజం కొత్తగా ఆడుతున్న పద్యనాటకానికి, వెనకతెర మీద కనిపించే వరదంతా అతని చేతిపనే.

“గురువుగారూ, ప్రొజెక్టర్ తీసెయ్యమంటారా, మాణిక్యాంబగారిని మార్చమంటారా? రెండూ ఒక స్టేజీ మీద ఇమిడేలా లేవండి,” అన్నాడు.

అడగడూ మరి! మండపేటలో మొదటి ప్రదర్శన నాడు జరిగింది అలాంటిది. నాటకంలో మాణిక్యాంబది పడవవాడి భార్య వేషం. మొగుడు నడి ఏట్లో ఉండగా వరద తన్నుకొస్తుంది. ఆవిడ గట్టు మీద నిలబడి, వెనక్కి పొమ్మని గోదారిని బతిమాలుతూ పద్యం పాడాలి. తెర మీద ఎర్రనీరు లేచేసరికి జనం చప్పట్లు కొట్టారు. ఆ నీళ్ళు చేసిన కుర్రాడెవరని ముందు వరసలో ఆరా తీశారు కూడా. హాలు చివర, ల్యాప్‌టాప్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ కిశోర్‌కి ఒళ్ళు పులకరించింది. మాణిక్యాంబ పద్యం పాడి, రాగం తీసి ముగించగానే “వన్స్‌మోర్!” అని కేక పడింది.

పద్యనాటకంలో అది మామూలే. వన్స్‌మోర్ అంటే పాడినవాళ్ళు మొదటికొచ్చి మళ్ళీ అందుకోవలసిందే. చచ్చిపడున్న వేషమైనా సరే, లేచి పాడి, మళ్ళీ చచ్చిపోవాలి. మాణిక్యాంబ కూడా సంతోషంగా అందుకుంది. పాపం, వరదకి ఆ మర్యాద తెలియదు. ఒకసారి మీట నొక్కి వదిలేసిన వరద అది. తన లెక్క ప్రకారం ఊరు ముంచేసింది, వెనక్కి తీసేసింది, ఆపైన చక్కగా తెల్లవారింది కూడా. ఆ లేత ఎండలో, తెర మీద పిట్టలు ఎగురుతూ ఉంటే, ఆవిడ ఇంకా “రావద్దు తల్లీ” అని గోదారికి దణ్ణాలు పెడుతోంది. హాలంతా గొల్లుమంది.

తనని చూసి ఎందుకు నవ్వుతున్నారో ఆవిడకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాక అర్థమైంది. నాటకం ఎలాగో గట్టెక్కించి, ముఖానికి రంగు కూడా కడుక్కోకుండా ఆటో ఎక్కింది. ఆ తెర ఉంటే తాను ఉండనని ఎక్కుతూ చెప్పింది.

దాంతో సమాజం రెండు చీలికలైంది. నాటకంలో ఈ యంత్రాలేమిటని పెద్దలు మండిపడ్డారు. అలా మండిపడ్డవాళ్ళలో మైకు లేకుండా పాడేవాడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి. ఆవిడకి వయసైపోయింది, చురుకైన అమ్మాయిని పెట్టుకుందామని కుర్రాళ్ళన్నారు. వచ్చే ఆదివారం అమలాపురంలో నాటకం. కిశోర్‌కి తన నీళ్ళంటే ప్రాణం. కానీ మాణిక్యాంబ పద్యం వింటూ పెరిగినవాడు. ఆవిడని పంపించేసి ఆ నాటకం ఆడటమన్న ఊహే అతనికి మింగుడుపడటం లేదు.

రామబ్రహ్మంగారు అంతా విని, చాలాసేపు వాయించుకుని, చివరికి ఒక్కమాట అన్నారు. “రేపు పొద్దున మాణిక్యాన్ని రిహార్సల్‌కి రమ్మను. తెర ఉండదనీ, నేను పిలిచాననీ చెప్పు.”

ఆయన పిలిచారంటే రాకుండా ఉండే మనిషి కాదు మాణిక్యాంబ. మర్నాడు వచ్చి, కిశోర్ వంక చూడకుండా స్టేజీ ఎక్కి నిలబడింది. రామబ్రహ్మంగారు మాత్రం స్టేజీ ఎక్కలేదు. హార్మోనియం హాలు చివరికి మోయించి, కిశోర్ ల్యాప్‌టాప్ బల్ల పక్కన, గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నారు. అదేం కూర్చోవడమో ఎవరికీ బోధపడలేదు.

“పాడమ్మా,” అన్నారు గోడతో.

ఆవిడ పద్యం ఎత్తుకుంది. ఆయన వాయించారు. తప్పు లేదు, అపస్వరం లేదు. అయితే రెండో పాదంలో, మొగుడి పేరు తలుచుకునే చోట, ఆవిడ ఎప్పుడూ గొంతు నిలిపి కాస్త సాగదీస్తుంది. ఆవిడ సాగదీస్తుండగానే హార్మోనియం మూడో పాదంలోకి వెళ్ళిపోయింది. ఆవిడ పరుగున వెళ్ళి అందుకుంది. ఇంకోచోట ఊపిరి తీసుకుందామని ఆగితే ఈ వాయిద్యం ఆగలేదు. చివరికి ఆవిడ పాట మానేసి నిలబడిపోయింది. ఆయన మాత్రం పద్యం ఆఖరిదాకా నిదానంగా వాయించి, తిత్తి మూశారు.

“అన్నయ్యగారూ, మీక్కూడా నేను బరువైపోయానా?” అంది మాణిక్యాంబ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కిశోర్ ఇక పట్టలేకపోయాడు. గురువుగారి మీద అంతవరకు గొంతు పెంచి ఎరగని పిల్లవాడు, ఆ రోజు పెంచాడు.

“ఇదేం వాయించడమండీ! మీరసలు ఆవిడ వంక చూడనే లేదు!”

“చూస్తే ఆగాల్సొస్తుందిరా,” అన్నారు రామబ్రహ్మంగారు.

కిశోర్ గోడవైపు, తన బల్లవైపు చూశాడు. గురువుగారు కూర్చున్న చోటూ, తన బల్లా పక్కపక్కనే ఉన్నాయి. మండపేటలో తాను నిలబడింది కూడా సరిగ్గా ఇలాగే, హాలు చివర. ఆవిడ రెండోసారి పద్యం ఎత్తుకున్నప్పుడు తాను ఎవరిని చూస్తున్నాడో గుర్తొచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్ళని చూస్తున్నాడు.

రామబ్రహ్మంగారు లేచి స్టేజీ దగ్గరికి వెళ్ళి, మాణిక్యాంబ రెండు చేతులూ పట్టుకున్నారు. “తప్పయిందమ్మా. వీడికి ఒకటి చూపించాలనుకున్నాను.”

“చూపించడానికి నేనే దొరికానేంటండీ?” అని ఆవిడ ఏడుస్తూనే ఆయన్ని తిట్టింది. తిడుతోందంటే కోపం పోయిందన్నమాటే. తర్వాత ఆయన హార్మోనియాన్ని దాని పాత చోటుకు, స్టేజీకి కుడిపక్కన, పాడేవాళ్ళ గొంతు కదలిక కనిపించే చోటుకు తెప్పించుకున్నారు. దాని పక్కన ఇంకో కుర్చీ వేయించారు. ఆ కుర్చీ ఎవరికో చెప్పలేదు.

చెప్పవలసిన అవసరం లేకపోయింది. కిశోర్ వరదని మొదటినుంచీ మళ్ళీ కట్టుకొచ్చాడు. నీళ్ళు ఎక్కడ ఆపితే అక్కడే అలలాడుతూ నిలబడాలి. మీట పైకి జరిపితే లేవాలి, కిందికి జరిపితే వెనక్కి తీయాలి. పని ముగించి మాణిక్యాంబ ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. “ఇంకొక్కసారి ఆ తెర ముందు నిలబడండమ్మా. ఈసారి మీరు రమ్మంటేనే వస్తాయి నీళ్ళు.”

“రాకపోతే?”

“రాకపోతే మీ పద్యం ఉంది కదండీ.”

ఆవిడ లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చింది.

అమలాపురంలో హాలు నిండింది. కిశోర్ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని హార్మోనియం పక్కన కూర్చున్నాడు. తెర అతనికి సరిగ్గా కనిపించదు. కనిపించేది మాణిక్యాంబ గొంతు ఒక్కటే. ఆవిడ ఊపిరి పీల్చుకుంటే నీళ్ళు లేచాయి. రెండో పాదంలో మొగుడి పేరు దగ్గర ఆవిడ ఆగింది. ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగింది. హార్మోనియం ఒక్క స్వరం పట్టుకుని నిలబడింది. కిశోర్ వేలు కదల్లేదు. నీళ్ళు గట్టు అంచున తటపటాయిస్తూ అక్కడే ఉన్నాయి. అప్పుడు ఆవిడ, రిహార్సల్‌లో ఎన్నడూ చేయనిది, మెల్లగా వెనక్కి తిరిగి గోదారిని చూసింది. చూసి, కుచ్చెళ్ళు పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేసింది. హాల్లో ఎవరో ఆడమనిషి “అయ్యో” అంది.

పద్యం ముగిసింది. “వన్స్‌మోర్!”

కిశోర్ గురువుగారి వంక చూశాడు. రామబ్రహ్మంగారు అతని వంక చూడలేదు, మాణిక్యాంబనే చూస్తున్నారు. కిశోర్ కూడా ఆవిడనే చూస్తూ మీట కిందికి జరిపాడు. వరద తొందరపడకుండా, ఆవిడ మొదటి చోటుకి నడిచి వచ్చినంత నిదానంగా తీసింది. రెండోసారి ఆవిడ ఇంకా కింది స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడింది. ఎవరూ నవ్వలేదు.

నాటకం అయ్యాక జనం మాణిక్యాంబ చుట్టూ మూగారు. పైట చెంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నవాళ్ళు, ఆవిడ చెయ్యి పట్టుకుని వదలనివాళ్ళు. కిశోర్ ఒక పక్కన వైర్లు చుట్టుకుంటున్నాడు. సంతోషంగానే ఉన్నాడు. అయినా ఎక్కడో చిన్న వెలితి ఉంది, దాచుకోవడం చేతకాలేదు.

“గురువుగారూ, ఈసారి నీళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడలేదండి.”

రామబ్రహ్మంగారు హార్మోనియం మీద గుడ్డ కప్పుతూ అన్నారు. “పాడినవాళ్ళని వదిలేసి నా పెట్టె గురించి జనం మాట్లాడుకున్న రోజులూ ఉన్నాయిలేరా. ఇంటికెళ్ళి సిగ్గుతో నేను అన్నం మానేసిన రోజులవి.”