అద్దె ఇంటి గడపగౌరి వ్రత కథ

పూర్వమొకనాడు గోదావరీ తీరమున, యజ్ఞము ముగిసి మునులందరు చల్లగాలికి కూర్చుండగా, సుధాముడను ముని వేణుగర్భ మహర్షికి నమస్కరించి, సొంత ఇల్లు గలవారికి వ్రతములు పెక్కు కలవు గాని అద్దె ఇంటివారి గడప నిలుపు వ్రతమేదియని అడిగెను. మహర్షి సంతసించి ఇట్లు చెప్పెను.

చంపకపురమున అప్పలస్వామియను సన్నాయి విద్వాంసుడును, చదువుకొన్న అతని క్రొత్త భార్య మంగతాయారును ఒంటి గది ఇంట అద్దెకు చేరిరి. పాలు పొంగి పొయ్యిపై పొర్లగా ఇద్దరును నవ్వుకొని, ఆ మాడు వాసననే ధూపమనుకొనిరి. కిటికీకి పరదా కట్టిన నాడు పండుగ, ఒకే తాడుపై ఇద్దరి బట్టలు ఆరిన నాడు పండుగ.

అంతలో మూఢము వచ్చెను. పెండ్లిండ్లు లేవు, సన్నాయి మ్రోగలేదు, అద్దె ఆలస్యమాయెను. యజమాని వచ్చి పొద్దుగూకులోగా ఖాళీ చేయమనెను. శుభకార్యములకు ఊదు నోటితో తగవాడరాదని భర్త తలచెను. గడపపై కలహము అమంగళమని భార్య తలచెను. గడపకు పసుపైనను రాయక, మంచము నెత్తికెత్తుకొని వెడలిరి. దారిలో వాన పట్టగా సన్నాయి పీక నాని చీలెను. కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదు. రెండవ ఇంటను అట్లే పొమ్మనిరి, అట్లే వెడలిరి.

మూడవ ఇంట మరల మూఢము వచ్చెను. యజమాని పానకాలు, సాయంత్రము తాళము వేయుదునని చెప్పి పోయెను. మంగతాయారు కన్నీటితో మూట కట్టుచుండగా, గాజులమ్ముకొను ముత్తైదువ రూపమున గడపగౌరి వచ్చి అరుగుపై కూర్చుండెను.

"ఏమే తాయారూ, పొమ్మన్నది ఆయనా, కోర్టా?"

"ఆయనేనండి. అద్దె ఆలస్యం చేశాం."

"ఆలస్యం తప్పే, బాకీ తీర్చాల్సిందే. అంతమాత్రాన నీ గడప నీది కాకుండా పోతుందా?"

అట్లని, ఇచ్చిన అద్దెకు రశీదు అడుగవలెననియు, పుచ్చుకొననిచో మనియార్డరు పంపవలెననియు, నోటీసు లేక, కోర్టు తీర్పు లేక తాళము వేయుటకు గాని నీరు ఆపుటకు గాని ఎవరికిని హక్కు లేదనియు బోధించి, గుప్పెడు పసుపిచ్చి అదృశ్యమాయెను.

మంగతాయారు మూట విప్పి, గడప కడిగి, పసుపు రాసి, దీపము వెలిగించి, లోపలి ప్రక్క నిలిచెను. పానకాలు తాళముతో వచ్చెను.

"బాబాయిగారూ, ఆలస్యం మాదే. ఇప్పటికి చేతిలో ఉన్నది ఇది, రశీదు ఇప్పించండి. మిగతాది మూఢం వెళ్ళగానే ఇస్తాం. కాదంటే నోటీసు ఇవ్వండి, కోర్టులో మా మాటా చెప్పుకుంటాం. తాళం మాత్రం వెయ్యనివ్వం."

"ఊదుకునేవాడి పెళ్ళానికి లా పాయింట్లు కూడానా?"

"బీకాం అండి. పసుపు ఆరలేదు, జారతారు, చూసి నిలబడండి."

ఇరుగుపొరుగువారు ఫక్కున నవ్విరి. భర్త వచ్చి ఆమె ప్రక్కన నిలిచి, శుభకార్యములకు ఊదు ఆ నోటితోనే అదే మాట చెప్పెను. పానకాలు సొమ్ము తీసికొనక మరలిపోయెను. వారు మనియార్డరు పంపిరి. మూఢము తొలగిన తొలి ముహూర్తపు సంభావనతో మిగిలిన బాకీ తీర్చిరి. పానకాలు రశీదు వ్రాసి ఇచ్చెను.

ఆ మాఘమున పానకాలు కూతురి పెండ్లికి అప్పలస్వామియే తలెత్తి సన్నాయి ఊదెను. పట్నమున అద్దె ఇంట కాపురము పెట్టబోవు ఆ పిల్ల, అప్పగింతలకు ముందు మంగతాయారు కడకు వచ్చి ఈ వ్రతము నేర్పమని కోరెను. పసుపు పళ్ళెము పట్టుకొని వెనుక నిలిచినవాడు పానకాలే.

కావున ఈ వ్రతమును క్రొత్త దంపతులును, పనులు లేని మాసములు గడుపువారును, పొమ్మను మాటకు భయపడువారును చేయవలెను. ఇంటి యజమానులును చేయవచ్చును. వారి బిడ్డలును ఎక్కడనో అద్దెకుందురు గదా. చేసినవారికి బాకీలు తీరును, దీపము నిలుచును, తల వంగదు.

అక్షతలు గడపపై వేయుడు. చెప్పుటలో మాట తప్పినను గౌరి మన్నించును. గడపలో నిలిచి చెప్పవలసిన మాట మాత్రము తప్పరాదు.