కోతి వైద్యం, కుంటికాలు

ఇప్పమాకుల అడవిలో దుప్పులు, కోతులు, కుందేళ్లు, ఒక ముసలి రాబందు ఉండేవి. చచ్చినవాటిని తినే నోరని రాబందును ఎవరూ దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు అడుగంటింది. ఐదు రోజుల్లో ఏటి ఒడ్డుకు తరలిపోవాలని దుప్పుల మంద నిర్ణయించుకుంది. సరిగ్గా అప్పుడే చుక్కి అనే పిల్లదుప్పి రాళ్ల మీద గెంతింది. వెనకకాలు మెలిక పడి కూలబడింది. కాలు ఆనించలేని పిల్లను దారిలో రేచుకుక్కలు వదులుతాయా? తల్లి భయం అదే.

జంగన్న అనే కోతిని పిలిచారు. ఊళ్లో ఎముకలకు కట్లు కట్టే వైద్యుడి పెరటిచెట్టు మీద అది మూడు నెలలు కూర్చుని వచ్చింది. ఆ మూడు నెలలకే ముప్పై ఏళ్ల గర్వం తెచ్చుకుంది.

"ఒంట్లో ఉండేవి రెండే. ఎముక, కండ. ఏది చెడిందో ఇప్పుడే తేలుస్తాను" అంది జంగన్న.

ఎముక తడిమింది. విరగలేదు. కండ నొక్కింది. తెగలేదు. బుర్ర గోక్కుంది.

"రెండూ బాగుంటే నా బిడ్డ లేవదేం?" అంది తల్లి.

"ఏముంది, నటన!"

"వాపు కూడా నటనేనా?" అంది కుందేలు.

ఎవరికీ ఏమీ పాలుపోలేదు. జంగన్నకు అసలే పాలుపోలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక చుక్కి కాలు పట్టుకుని ఒక్క లాగు లాగింది. చుక్కి కెవ్వుమంది. వాపు రెండింతలైంది.

"లాగకురా నాయనా!" అంది కొమ్మ మీది రాబందు. "ఎముకకూ ఎముకకూ మధ్య తెల్లని పట్టీ ఉంటుంది. అది సాగి దెబ్బతింది. నువ్వింకా సాగదీస్తున్నావు."

"నీకెలా తెలుసు?"

"మీరంతా ఒంటిని పైనుంచి చూస్తారు. నేను లోపల చూశాను."



రాబందు కిందికి దిగింది. "ఎముకను ఎముకతో కట్టేది సంధిబంధనం. కండను ఎముకకు కట్టేది స్నాయుబంధనం. మీ చెవులను నిలబెట్టేది మృదులాస్థి. కొవ్వు, నెత్తురు, ఆఖరికి ఎముక కూడా వీటి కుటుంబమే. మనుషులు దాన్ని సంయోజక కణజాలం అంటారు."

"గట్టి ఎముకా, పారే నెత్తురూ ఒకే కుటుంబమా? అవ్వా, నాకు తల తిరుగుతోంది" అంది కుందేలు తన చెవి వంచి చూసుకుంటూ.

"నాకూ మొదట్లో తిరిగింది. ఒంటిని కలిపి ఉంచడం, ఆదుకోవడం వాటి పని. ఇప్పటికి అంతే గుర్తుంచుకో."

ఆ పట్టీకి నెత్తురు తక్కువ అందుతుంది కాబట్టి నెమ్మదిగా మానుతుందని రాబందు చెప్పింది. మిగతా కోతుల చేత మెత్తని నారతో కాలికి కట్టు కట్టించింది. ఐదో రోజు రాగానే మంద ఆగలేదు, చుక్కిని వదలనూ లేదు. రెండు పెద్ద దుప్పులు చెరోవైపు ఆనుకుని మెల్లగా నడిపించసాగాయి. రేచుకుక్కల జాడ చెప్పడానికి రాబందు పైన ఎగిరింది.

జంగన్నకు ఒళ్లు మండింది. "శవాలు తినేదానా నాకు పాఠాలు చెప్పేది!" అని విసురుగా కొమ్మ అందుకుంది. మణికట్టు కలుక్కుమంది. దబ్బున కిందపడింది. చెయ్యి తడుముకుంది. ఎముక విరగలేదు. కండ తెగలేదు. కొమ్మను మాత్రం పట్టుకోలేకపోయింది.

"అయ్యో, చచ్చాను!" అని ఏడ్చింది.

"ఎముక బాగుంది, కండ బాగుంది. మరి నటనేనా, వైద్యుడుగారూ?" అంది కుందేలు.

జంగన్న తల దించుకుంది. మంద వెనకాలే నేల మీద కుంటుతూ, ఆకాశంలోకి చూసి, "అవ్వా, కాస్త నా చెయ్యి కూడా చూడవూ?" అంది.

నీతి: తనకు తెలియనిది లేనే లేదనుకునేవాడి వైద్యం, రోగం కంటే ప్రమాదం.