దస్తగిరి వద్దన్న కోళ్ళు

దస్తగిరికి కోళ్ళు పెంచడమే పని. తన గురువు జమాల్ షా పేరున అతను ఒక మొక్కు మొక్కుకున్నాడు. గురువు కప్పుకునే దుప్పటిది బూడిద రంగు. ఒక విడత పొదగేసిన గుడ్లలో వచ్చే పిల్లలన్నీ అదే రంగులో, ఈక ఈకకీ అంచున సన్నటి నల్ల గీతతో రావాలి. వచ్చిన రోజున వాటిని గురువు ఉండే గుట్ట మీదికి తెచ్చి, గురువు చేత ఆకుపచ్చ తలపాగా కట్టించుకుని దీక్ష తీసుకుంటాడు. అంతవరకూ దీక్ష అడగడు.

గురువు అడిగిన మొక్కు కాదది.

ఏడేళ్ళు గడిచాయి. ఏ వంకా లేని బూడిద పుంజును, ఏ వంకా లేని బూడిద పెట్టను ఏరి జతకట్టేవాడు. ప్రతిసారీ పిల్లల్లో ఇంచుమించు సగమే బూడిదవి. మిగిలినవాటిలో కొన్ని కాటుక నలుపు, కొన్నిటికి తెల్లటి ఒంటి మీద బూడిద చుక్కలు. అవి కాస్త ఎదగ్గానే దొడ్లోంచి పోవాల్సిందే. కొన్ని సంతకు, కొన్ని పొయ్యి మీదికి.

"మా ఆయన భక్తి పుణ్యమా అని పులుసుకు లోటు లేదు" అనేది అతని భార్య హుసేనమ్మ, వచ్చినవాళ్ళకు వడ్డిస్తూ.

ఎనిమిదో ఏడు దస్తగిరి ఒట్టి చేతులతో గుట్టెక్కాడు. జమాల్ షా అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు.

"ఇంక నా వల్ల కాదు బాబా. నా చేతిలోనే ఏదో దోషం ఉంది. దీక్ష నాకు రాసిపెట్టి లేదు."

"ఏమైంది?"

"పదునాలుగు గుడ్లు పొదగేస్తే ఏడే వచ్చినాయి."

"మిగతా ఏడూ గుడ్డులోనే చచ్చిపోయినాయా?"

"లేదు బాబా. అవీ బాగానే ఉండాయి. గెంతులేస్తా ఉండాయి."

"మరింకేం?"

"రంగు రాలేదు. నాలుగు నల్లవి, మూడు చుక్కలవి."

జమాల్ షా ఒక రాయి ఏరి అవతల పారేశాడు.

"అవి పెద్దయ్యాక ఒక నల్ల పుంజును, ఒక చుక్కల పెట్టను నాకిచ్చిపో. ఈ గుట్ట మీద కోడి కూత విని ఎన్నాళ్ళయిందో."

"అవేంటికి బాబా? మంచివే తెస్తాలే."

"మంచివి నీ దగ్గరే ఉండనీ."

ఆరు నెలల తర్వాత దస్తగిరి ఆ రెంటినీ గంపలో తెచ్చాడు. తన దొడ్డిలోవని దారిలో ఎవరైనా గుర్తుపడతారేమోనని గంప మీద గోనెపట్టా కప్పాడు. దింపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా కాలం గుట్టెక్కలేదు.

ఏడాది తిరిగాక గురువు కబురు పెట్టాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరినీ రమ్మన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి చుక్కల పెట్ట వాకిట్లో మట్టి గీరుతోంది. దాని చుట్టూ రెండు నెలల పిల్లలు తొమ్మిది. తొమ్మిదీ బూడిద రంగువే.

దస్తగిరి ఒక్కోదాన్నీ పట్టుకుని రెక్క విప్పి చూశాడు. ఈకల అంచున నల్ల గీత అప్పుడప్పుడే దిగుతోంది. ఆఖరిదాన్ని కింద వదిలి లేచాడు.

"ఇవి ఈ పెట్ట పిల్లలేనా?"

"ఆఁ, దానివే."

"మరి పుంజు?"

"అదిగో, గోడ మీద. నువ్విచ్చిందే. ఇంకోటి యాడుంది ఇక్కడ?"

నల్ల పుంజు గోడ మీద ముక్కుతో ఈకలు సర్దుకుంటోంది. దస్తగిరి దాన్ని చూశాడు. పెట్టను చూశాడు. మళ్ళీ పుంజును చూశాడు.

"తొమ్మిదికి తొమ్మిది! ఈ కిటుకు మీకెవరు నేర్పినారు బాబా?"

"కిటుకేముంది? నువ్వు వద్దన్నవి రెండూ ఇక్కడుండాయి. పొద్దునా సాయంత్రం నాలుగు గింజలు చల్లినా."

జమాల్ షా లోపలికి వెళ్ళి ఆకుపచ్చ తలపాగా తెచ్చాడు. అంచులు వెలిసిపోయి ఉంది. తొమ్మిదేళ్ళుగా పెట్టెలో మడతపెట్టి ఉంచినది.

"కూర్చో. నీ మొక్కు తీరింది కదా."

దస్తగిరి కూర్చోలేదు. "ఇవి నా చేతి మీద రాలేదు బాబా."

"సరే. ఇవి పెద్దయ్యాక నీ చేతి మీదే జతకట్టు. ఏమొస్తాయి?"

ఆ లెక్క దస్తగిరికి బాగా తెలుసు.

"మళ్ళీ సగమే. తక్కినవి నల్లవీ చుక్కలవీ."

"వాటినేం చేస్తావు?"

దస్తగిరి కిందికి చూశాడు. పిల్లలు అతని పాదాల మధ్య నుంచి అటూ ఇటూ పరిగెత్తుతున్నాయి.

"అయితే ఇంక మా ఇంట్లో పులుసు లేనట్టే" అంది హుసేనమ్మ.

జమాల్ షా నవ్వాడు. దస్తగిరి తన భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. చుక్కల పెట్ట గీరిన మట్టిలోనే కూర్చుని తల వంచాడు.