మైలడి మెడ, బండి పెచ్చు

అనగనగా ఒక ఎద్దు, ఆ ఎద్దుకొక బండి, ఆ బండికొక యజమాని. కథల్లో మామూలుగా యజమాని పేరు ముందు చెబుతారు. నేను ఎద్దు పేరే ముందు చెబుతాను. ఎద్దు పేరు మైలడు. ఒళ్ళంతా బూడిద రంగు, కళ్ళు మాత్రం కాటుక దిద్దినట్టు ఉండేవి.

యజమాని పేరు గవరయ్య. గాజుల వ్యాపారి. ఏటి ఒడ్డున ఉన్న తన ఊరి నుంచి బయలుదేరి, చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, ఆడపిల్లల చేతులకు గాజులు తొడిగి వచ్చేవాడు. మైలడిని దూడగా తెచ్చి, చేత్తో గడ్డి తినిపించి పెంచాడు. "నాయనా" అనే పిలిచేవాడు. మైలడికీ అతనంటే ప్రాణం. వేరెవరు దగ్గరికి వచ్చినా కొమ్ములు విసిరేవాడు. మెడ మీద చెయ్యి వేయనిచ్చేది గవరయ్య ఒక్కడినే.

ఆ కాలంలో పశువులకు మాటలు వచ్చేవి. వినే తీరికే మనుషులకు ఉండేది కాదు.

గవరయ్య బండి తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. ఒంటెద్దు బండే అయినా, ఇరువైపులా సింధూరం రంగు పలకలు, వాటి మీద పసుపు చిలకలు. పొలిమేరలో ఆ చిలకలు కనబడగానే పిల్లలు ఇళ్ళలోకి పరుగెత్తి తల్లులకు చెప్పేవారు.

ఒకనాడు కోట నుంచి భటుడు వచ్చాడు.

"రాకుమారికి పెళ్ళి కుదిరింది. పెళ్ళిగాజులు నువ్వే తేవాలని రాణిగారి ఆజ్ఞ. వారు మేడ మీద నిలబడి చూస్తారు. బండి కళకళలాడుతూ రావాలి సుమా" అన్నాడు.

గవరయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అప్పటి నుంచి అతని చూపంతా బండి మీదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాడి అడుగున చెక్క పేడు ఒకటి లేచింది. అది మైలడి మెడకు కుడివైపున ఒరుసుకుని చిన్న పుండు పడింది. అడుగు వేసినప్పుడల్లా గుచ్చుకునేది. ఆ నొప్పి తప్పించుకోవడానికి మైలడు ఎడమకు ఒరిగి నడవసాగాడు. ఎద్దు ఎడమకు పోతే బండి కూడా ఎడమకే పోతుంది కదా. బాట పక్కన ఒక రాయి గీసుకుని, ఎడమ పలక మీద ఆవగింజంత పెచ్చు ఊడింది.

గవరయ్య బండి దిగి పెచ్చు ఊడిన చోటును వేలితో తడిమి చూశాడు. రంగులవాడిని పిలవడం అతనికి ఇష్టం లేదు, తన బండి మీద తన చెయ్యే పడాలి. ఇంటికి రాగానే పని మొదలుపెట్టాడు. గరుకుగా ఉండే పారిజాతం ఆకుతో పెచ్చు అంచులు మెల్లగా రుద్దాడు. తడిగుడ్డతో తుడిచాడు. పుల్ల కొసకు రంగు అద్ది, ఊపిరి బిగబట్టి చుక్క పెట్టాడు. అతనికి పనితనం లేదని నేననను. ఉంది, అదే వచ్చిన చిక్కు.

అప్పుడు మైలడు మొదటిసారి అడిగాడు.

"అయ్యా, మెడ మండుతోంది. కాడి అడుగున ఏదో గుచ్చుకుంటోంది. ఒకసారి చూడవా?"

"చేతులనిండా రంగు ఉంది నాయనా. ఈ చేతులతో ముడితే పుండు రేగుతుంది. కడుక్కుని వచ్చేలోపు ఈ రంగు గడ్డకడుతుంది. రేపు చూస్తాలే" అన్నాడు గవరయ్య.

అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూద్దామనుకున్నాడు. కానీ పచ్చిరంగు మీద దుమ్ము పడుతుందని బండిని పాకలోకి తోసి, మైలడిని బయట రాటకు కట్టాడు. ఆ పాకలో ఒక్కరికే చోటు. మర్నాడు పెచ్చు ఊడిన చోటు కనబడకుండా పోయిందన్న సంతోషంలో మెడ సంగతి మరిచిపోయాడు.

కొద్దిరోజులకు ఒక పల్లెలో సందు మలుపు తిరుగుతుంటే బండి గోడకు ఒరుసుకుంది. మళ్ళీ ఎడమవైపే. ఈసారి చింతగింజంత పెచ్చు లేచిపోయి, లోపలి చెక్క బయటపడింది.

"కళ్ళు కనబడటం లేదా నీకు?" అని గవరయ్య కసురుకున్నాడు. మైలడిని అతను కసురుకోవడం అదే మొదలు.

"కళ్ళు కనబడుతున్నాయి అయ్యా. మెడే తిరగడం లేదు. నువ్వు చూస్తానన్నావు" అన్నాడు మైలడు.

గవరయ్య ఆ మాట సగమే విన్నాడు. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి ఆ గుంట పూడ్చే మక్కు ఎలా చెయ్యాలా అని అప్పటికే ఆలోచిస్తున్నాడు.

ఇంటి దగ్గర అతని భార్య అచ్చాయమ్మ ఊరుకోలేదు.

"ఏమయ్యా, ఆ మెడ చూశావా? ఈగలు ముసిరి వదలడం లేదు. వేపనూనె రాద్దామని పోతే నన్ను దగ్గరికి రానివ్వలేదు. నువ్వైతే నిలబడతాడు" అంది.

"ఇప్పుడే మక్కు పెట్టానే. ఆరకముందు ఎండ తగిలితే బీటలు తీస్తుంది. దీని దగ్గర నుంచి కదలడానికి లేదు. సాయంత్రం చూస్తా."

సాయంత్రానికి ఇంకో పని వచ్చింది. కొత్త సింధూరం పాత పలక మీద మరీ ఎర్రగా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఎండకు వెలిసిన రంగుకు అది కలవడం లేదు. గవరయ్య చిటికెడు మసి కలిపాడు, మళ్ళీ కాస్త సున్నం కలిపాడు, చెక్కముక్క మీద రాసి పలక పక్కన పెట్టి చూశాడు. రెండు ఎరుపుల మధ్య అంత సన్నని తేడాను పట్టుకున్న కళ్ళు, గుమ్మం ముందు ఎండలో నిలబడ్డ ఎద్దు మెడ మీద నెత్తురును చూడలేదు. ఇది చెప్పడానికి నాకే బాధగా ఉంది.

పెళ్ళి రేపనగా గవరయ్య గాజుల పెట్టెలు తేవడానికి ఏటి అవతలికి వెళ్ళాడు. తిరిగి వస్తుంటే వంతెన దగ్గర మైలడి కాళ్ళు తడబడ్డాయి. బండి ఎడమవైపు పిట్టగోడకు గట్టిగా తగిలింది. ఒక చిలక తల మొత్తం ఊడిపోయింది.

గవరయ్య ఇంటికి వచ్చి, మంచినీళ్ళైనా తాగకుండా పనిలో కూర్చున్నాడు. మక్కు పెట్టాడు, విసనకర్రతో విసిరి ఆరబెట్టాడు, పలుచగా ఒక పూత వేశాడు. చిలకకు మళ్ళీ కన్ను దిద్దేసరికి పొద్దు వాలింది. పడమట మబ్బు కమ్ముకుంది.

మైలడు మూడోసారి అడిగాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"అయ్యా, ఈ ఒక్కసారికి నన్ను పాకలో కట్టు. ఒంట్లో జ్వరంగా ఉంది. వాన తట్టుకోలేను."

గవరయ్య పలుపుతాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎద్దును చూశాడు, బండిని చూశాడు.

"పచ్చిరంగు తడిస్తే కారిపోతుంది నాయనా. తెల్లవారితే పెళ్ళి. ఈ ఒక్క రాత్రి ఓర్చుకో. కోటకు వెళ్ళి వచ్చాక నేనే నీ మెడకు పసుపు పెడతాను. పుండు మానేదాకా నీ మీద కాడి పెట్టను" అన్నాడు. అని, మైలడి వీపు మీద గోనెపట్టా కప్పాడు.

"సరే అయ్యా" అన్నాడు మైలడు. మళ్ళీ అడగలేదు.

ఆ రాత్రంతా వాన కురిసింది.

తెల్లవారుతూనే గవరయ్య బయటికి వచ్చాడు. మైలడు బురదలో పడి ఉన్నాడు. గోనెపట్టా జారిపోయి నీళ్ళలో నానుతోంది. గవరయ్య పరుగున వెళ్ళి ఆ తలను ఒడిలోకి తీసుకున్నాడు. అచ్చాయమ్మ వేపనూనె, పసుపు తెచ్చి ఇచ్చింది. ఇన్నాళ్ళకు అతని చేతులు శుభ్రంగా ఉన్నాయి. పుండును వేళ్ళతో తడిమితే లోపల విరిగిన పేడు ముక్క తగిలింది. గోటితో లాగితే వచ్చేసింది. అంతే పని.

మైలడు కళ్ళు తెరిచాడు.

"రంగు ఆరిందా అయ్యా?" అని అడిగాడు.

గవరయ్య తల ఊపాడు. ఆ చెయ్యి మెడ మీద ఉండగానే మైలడి ప్రాణం పోయింది.

పొద్దెక్కినా గాజులు రాలేదని కోట నుంచి భటుడు గుర్రం మీద వచ్చాడు. వస్తూనే పాకలో బండిని చూశాడు. వానచినుకు తగలకుండా సింధూరం నిగనిగలాడుతోంది, చిలకలు ఎగరబోతున్నట్టు ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి పలక మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఎక్కడా గీత కూడా లేదే. ఎంత బాగా చూసుకుంటావయ్యా గవరయ్యా" అన్నాడు మెచ్చుకోలుగా. "మరి ఇంకా బయలుదేరలేదేం?"

బురదలో కూర్చున్న గవరయ్య తల ఎత్తలేదు. ఆ మెచ్చుకోలు కోసమే కదా అతను ఇన్నాళ్ళూ కష్టపడింది. ఇప్పుడది చెవిన పడుతుంటే, వెక్కి వెక్కి ఏడ్చాడు.

పెళ్ళిగాజులు ఇంకెవరో తొడిగారు. గవరయ్య ఆ తర్వాత గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని కాలినడకనే ఊళ్ళు తిరిగాడు. మళ్ళీ ఏ ఎద్దునూ కొనలేదు.

పిల్లలూ, మన బరువు మోసేవాళ్ళు నొప్పి అని చెప్పినప్పుడే చెయ్యి కడుక్కుని వెళ్ళి చూడాలి. రేపు చూపిద్దామని దాచుకున్న దయ ఎవరికీ అందదు.