అట్టబొమ్మ నడుము

శిష్యులు ఏదైనా అడిగితే తెనాలి ఫొటోగ్రాఫర్ వీరభద్రాచారి గారు వెంటనే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి కండువా కొసతో తుడుచుకుంటూ “చూద్దాం” అంటారు. ఆ మాట వినడం కంటే నాలుగు తిట్లు తినడమే నయమని ఆయన దగ్గర పనిచేసినవాళ్లందరికీ తెలుసు.

ఆ రోజు అడిగింది శైలజ. చాలా ఏళ్లుగా ఆయన స్టూడియోలో ఫొటోలకు మెరుగులు దిద్దే మనిషి.

“మాస్టారూ, చీరల ప్రకటనల్లో అమ్మాయి నడుము కాస్త తగ్గిస్తాం, చేతులు సన్నం చేస్తాం. అందరూ చేసేదే కదా! దానివల్ల ఎవరికండీ నష్టం?”

అడగడం మామూలుగానే అడిగింది గాని, లోపల ఆమెకు కాలూ చేయీ ఆడడం లేదు. దసరాకు చీరల కొట్టువాళ్లు వేయించిన ప్రకటనలో ఉన్నది ఆమె కూతురే, డిగ్రీ చదివే జాహ్నవి. ఫొటో తీసింది ఆచారి గారు. కొట్టువాళ్లు అడిగారని ఆ పిల్ల నడుమూ చేతులూ కంప్యూటర్లో కోసింది మాత్రం కన్నతల్లే. బొమ్మ చూసుకుని కూతురు మురిసిపోతుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడా పిల్ల రోజూ అద్దం ముందు నిలబడి “అప్పుడలా ఉన్నాను, ఎంత లావైపోయానే అమ్మా” అంటూ అన్నం మానేసింది. నిన్న కాలేజీ మెట్ల మీద కళ్లు తిరిగి పడింది; ఆ కబురు ఆచారి గారి చెవిన కూడా పడింది. తల్లి తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. చెబితే కూతురు తన మొహం చూడదేమోనని భయం. చెప్పకపోతే అసలు కూతురే దక్కదేమోనని అంతకు మించిన భయం.

“చూద్దాం” అన్నారు ఆచారి గారు. “సాయంత్రం పిల్లను తీసుకురా.”

తల్లి వెంట జాహ్నవి వచ్చింది. స్టూడియోలో ఓ మూల, పండగయ్యాక కొట్టు గుమ్మంలోంచి తెచ్చిపెట్టిన ఆమె నిలువెత్తు అట్టబొమ్మ నవ్వుతూ నిలబడి ఉంది. ఆ పిల్ల దానివంక పగవాళ్లను చూసినట్టు చూసింది. ఆచారి గారు బీరువాలోంచి ఫొటో తీసిన రోజు ఆమె తొడుక్కున్న రవికె తీసి ఇచ్చారు.

“ఇది వేసుకురా తల్లీ.”

“పట్టదు తాతగారూ, లావయ్యాను కదా.”

“పట్టకపోతే నా మాటే తప్పు. వేసుకురా.”

తెర చాటు నుంచి వచ్చేసరికి రవికె భుజాల మీంచి జారిపోతోంది. చేతుల దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు.

“ఆ రోజు సరిగ్గా సరిపోయింది కదమ్మా ఇది” అంటూ జాహ్నవి అట్టబొమ్మ పక్కకు వెళ్లి చెయ్యి ఆనించి చూసుకుంది. ఇంత చిక్కిన చెయ్యి కూడా బొమ్మ చేతికన్నా లావుగానే ఉంది. మెల్లగా తల్లి వైపు తిరిగింది.

శైలజ గోడకు ఆనుకుంది. “నేనే కోశాను నాన్నా. నువ్వెప్పుడూ అలా లేవు.”

జాహ్నవి ఏడుస్తుందనుకుంది. ఆ పిల్ల ఏడవలేదు.

“మరి ఇన్నాళ్లూ నన్నెందుకు పస్తుండనిచ్చావమ్మా?”

శైలజ ఆదుకోమన్నట్టు మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు తుడవడం ఆపి పెట్టుకున్నారు.

“ఎవరికి నష్టమని కదూ అడిగావు?” అన్నారు.