గవరమ్మ గీసిన ఒక్క గీత

వెనకటికి ఒక రాజ్యంలో ఆస్థాన పండితుడు విరూపాక్ష శాస్త్రి ఏటా ముగ్గుల పోటీకి ఒక చిక్కు కట్టేవాడు. ఆ ఏటి చిక్కు ఇదీ: జానెడు మేరలో పెట్టిన ఇరవై ఐదు చుక్కల్ని అందరికంటే తక్కువ గీతలతో కలపాలి. నియమాలు సంతలో పలక మీద రాసి, జనం సందేహాలు విని దిద్దడం అక్కడి ఆచారం.

ఇళ్ళకి సున్నాలు వేసే గవరమ్మ ఆ నియమాల్లో రోజుకో లొసుగు చూపించేది. ఆవిడ చెప్పిన నాలుగు నియమాలు పలకెక్కాయి. జనం దాన్ని "గవరమ్మ చిక్కు" అనడం మొదలెట్టేసరికి శాస్త్రికి ఒళ్ళు మండిపోయింది. కట్టింది తనైతే పేరు ఆ గవరమ్మకా? పోటీనాడు పొద్దున్నే ఆ నాలుగూ తుడిచేశాడు.

"ఏం అయ్యగారూ, నా మాటలు పనికిరాలేదా?" అంది గవరమ్మ.

"నా చిక్కుకి నా నియమాలు చాలు. చేతనైతే గెలువు!"

గవరమ్మ నాలుగు కుంచెలు పక్కపక్కన కలిపి కట్టి, సున్నంలో ముంచి, చుక్కల మీద ఒక్క లాగు లాగింది. ఇరవై ఐదూ ఒకే గీతలో మునిగిపోయాయి.

"అన్యాయం! గీత వేలు లావు దాటకూడదు!" అని శాస్త్రి రాజుగారి ఎదుటే అరిచాడు.

"ఆ మాటే నేను రాయించాను. పొద్దున తమరే తుడిచారు."

రాజుగారు నవ్వి సుద్దముక్క శాస్త్రి చేతికిచ్చారు. శాస్త్రి నాలుగు నియమాలూ మళ్ళీ రాశాడు. కింద గవరమ్మ పేరు కూడా రాశాడు, కాకపోతే వీలైనంత చిన్న అక్షరాలతో.