దిమ్మలో గుంట

తిప్పరాయుడు ప్రశ్నకు బదులు చెప్పే మనిషి కాదు. శిష్యుడు ఏదైనా అడిగితే ఒక్క క్షణం వాడి ముఖం చూసి, ఏదో ఒక పని పురమాయించి, మళ్లీ తన తోలు మీదికి వంగిపోయేవాడు. తోలుబొమ్మలు చెక్కడంలో ఆ చుట్టుపక్కల ఆయనంతటివాడు లేడు కనుక కొందరు దాన్ని జ్ఞానమన్నారు. అడిగి అడిగి విసిగినవాళ్లు మొండితనమన్నారు. కదిరప్ప మాత్రం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అనుకునేవాడు.

కదిరప్ప పసివాడేమీ కాదు. ఆయన దగ్గర ఉలి పట్టి మీసం నెరిసే దాకా వచ్చాడు. అటువంటివాడు ఒకనాడు సీత బొమ్మ మెడలో హారానికి చిల్లులు వేస్తుంటే, పక్కపక్కనున్న రెండు చిల్లులు కలిసిపోయి చిరుగు పడింది. అది మచ్చలేని మేకతోలు, గురువు ఎన్నాళ్లుగానో దాచి నమ్మి చేతికిచ్చింది. హారానికి పతకం ఒకటి గీసి చిరుగును అందులో కలిపేశాడు గానీ తన చేతి మీద నమ్మకం సడలింది. ఇక మిగిలింది కన్ను. ఆ ఇంట కన్ను చివరన తెరవడం ఆనవాయితీ. అక్కడ చెయ్యి జారితే దిద్దుకోవడమంటూ లేదు. శనివారం ఆటమేళంవాళ్లు వచ్చి బొమ్మను తీసుకుపోతారు. కన్ను చెడితే ఈ జన్మలో మళ్లీ ఉలి ముట్టనని కదిరప్ప తనలో తాను ఒట్టు పెట్టుకున్నాడు.

అప్పుడతని చూపు తోలు కింద వేసుకునే చింతమాను దిమ్మ మీద పడింది. ఏళ్ల తరబడి తాను ఒక్కచోటే కొట్టగా కొట్టగా దాని నడుమ చిన్న గిన్నెంత గుంట పడి ఉంది. కింద ఆసరా లేకపోతే తోలు చిరగక ఏం చేస్తుంది? ఆ మాట తోచగానే ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ అంత సులువుగా కుదుటపడ్డందుకే మళ్లీ అనుమానం వచ్చింది.

"సామీ, తప్పు నా చేతిలో ఉందా, నా కిందున్న దిమ్మలో ఉందా? ఎట్ల తెలిసేది?" అని అడిగాడు.

"దిమ్మ మార్చి చూడు," అన్నాడు తిప్పరాయుడు, తల ఎత్తకుండానే.

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఆయన భార్య తిమ్మక్క ఊరుకుంటుందా? "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే గదప్పా కదిరప్పా!" అంది.

గట్టిదనానికి రాయిని మించింది లేదని కదిరప్ప మొదట ఒక గ్రానైటు పలక మోసుకొచ్చాడు. ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన ముక్క, ముఖం కనబడేంత నునుపు. పనికిరాని తోలుముక్క వేసి ఉలి మీద కొట్టాడు. చిల్లు చక్కగా పడింది, ఉలి మొన కూడా చక్కగా మొద్దుబారింది. ఆ పూటంతా ఉలి నూరుకోవడంతోనే సరిపోయింది. మర్నాడు పచ్చి వేపమొద్దు తెచ్చాడు. అది మరీ మెత్తన. ఉలితో పాటు తోలూ లోపలికి దిగి చిల్లు చుట్టూ సొట్ట పడింది. చివరికి వడ్రంగి దగ్గర బాగా ఎండిన చింతదిమ్మ దొరికింది. మానును అడ్డంగా కోసి చిత్రిక పట్టిన ముక్క. ఉలి దిగినచోట పోగులు పక్కకు జరిగి, పైకి తీయగానే మళ్లీ దగ్గరికొస్తాయి. ఇక తిరుగులేదనుకున్నాడు.

ఆ దిమ్మ మీద వేసిన ఒక్క చిల్లూ తిన్నగా రాలేదు. ఒకవైపు తెగుతోంది, రెండోవైపు పీచులా వేలాడుతోంది. అదే తోలుముక్కను పాత గుంట దిమ్మ మీదికి మార్చి కొడితే చాలావరకు గుండ్రంగా వస్తున్నాయి! చెడిన దిమ్మ మీద చెయ్యి బాగుంది, బాగున్న దిమ్మ మీద చెయ్యి చెడింది. కదిరప్ప ఇటూ అటూ మార్చి మార్చి కొట్టి కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయాడు. అప్పుడు గమనించాడు, తన మణికట్టు తనకు తెలియకుండానే ఎడమకు వాలుతోంది. గుంటకు తగ్గట్టు వాలడం అది ఎప్పుడు నేర్చుకుందో అతనికే తెలియదు. మరి తప్పు ఎవరిది? ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం మధ్యాహ్నం మేళంవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కదిరప్ప రెండు దిమ్మల నడుమ సీతను ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. తిప్పరాయుడు లేచి వచ్చి, పాత దిమ్మను రెండు చేతులతో ఎత్తి బోర్లా తిప్పాడు. కింది వైపున ఇంకొక గుంట ఉంది. పైదానికంటే లోతైనది, నునుపుదేరినది, కుడికి వాలినది.

"ఇది ఎవరిది సామీ?"

"నాది," అన్నాడు గురువు.

"తన చెయ్యి కుడికి వాలిందని తెలిసి దాన్ని తిరగేసిన రోజు అన్నం ముట్టలేదప్పా ఈయన," అంది తిమ్మక్క. ఈసారి ఆమె గొంతులో ఎకసెక్కం లేదు.

కదిరప్ప ఆ గుంటలో బొటనవేలు పెట్టి దాని వాలు తడిమి చూశాడు. తరవాత కొత్త దిమ్మను ముందుకు లాక్కుని సీతను దానిమీద పరిచాడు. మొదటిరోజు ఉలి పట్టినవాడిలా పట్టాడు. మణికట్టు ఎడమకు వాలబోతే ఆపాడు, మళ్లీ వాలబోతే మళ్లీ ఆపాడు. తన చేతిని తానే నమ్మకుండా, మెల్లగా, ఒక్కొక్క దెబ్బే వేశాడు. ఆఖరి దెబ్బకు ఆవగింజంత తోలు ఊడివచ్చింది. బొమ్మను వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే సీత చూసింది.

మేళం పెద్ద దండం పెట్టుకుని బొమ్మను గుడ్డలో చుట్టుకున్నాడు. కదిరప్పకు కళ్లలో నీళ్లు ఆగలేదు. అయినా అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉండిపోయింది. "సామీ, కన్ను వచ్చింది. ఇంతకీ తప్పు చేతిదా, దిమ్మదా?"

తిప్పరాయుడు కొత్త దిమ్మ దగ్గరికి వంగాడు. నున్నటి చెక్క మీద, సీత కన్ను తెరిచినచోట, ఉలి విడిచిన సన్నని గాటు ఉంది. దాన్ని వేలితో తడిమి అన్నాడు:

"ఇదిగో, నీ గుంట మొదలైంది."